మైపాడు మీదుగా కలకత్తా

ఆ బుధవారం పొద్దున ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికించి ఆరేయాలని రెబెక్కమ్మ అనుకుంది. ఫిబ్రవరి ఎండ ఇంకా మంచిగానే ఉంది. మబ్బు లేదు. ఆ రోజుకి ఆ ఇంట్లో అంతకు మించి ఎవరికీ ఏ ఆలోచనా లేదు. ఆమె భర్త సంజీవరావు హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఆయన గడ్డం గీసుకుంటూ బడికి తయారవుతున్నాడు. మేనకోడలు కరుణాకుమారి బావి దగ్గర దుప్పట్లు జాడిస్తోంది. అప్పుడు పోస్టాఫీసు బంట్రోతు గేటు దగ్గర సైకిలు ఆపాడు. మద్రాసు నుంచి ట్రంకు కాలు ఉందనీ, కరుణాకుమారిగారే స్వయంగా పోస్టాఫీసుకి వచ్చి మాట్లాడాలనీ చెప్పి వెళ్ళిపోయాడు.

మద్రాసంటే ఆ ఇంట్లో ఒక్కటే అర్థం. కరుణ భర్త ఆనందబాబు అక్కడ పంపుసెట్లు చేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. పెళ్ళయి ఏడాది కావస్తోంది. అతను మరో ముగ్గురు బ్రహ్మచారులతో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు కాబట్టి కరుణ మేనమామ ఇంట్లోనే ఉండిపోయింది. తల్లీ తండ్రీ లేని పిల్లని పెంచింది ఆ మేనమామే. ఆనందబాబు ఎప్పుడో ఒక ఆదివారం వచ్చేవాడు. చర్చికి పోయి, భోంచేసి, అరుగు మీద కూర్చుని పంపుసెట్లు నీళ్ళు ఎట్లా తోడతాయో సంజీవరావుకి వివరించేవాడు. సంజీవరావు వదలకుండా ప్రశ్నలు అడిగేవాడు. సాయంత్రం రైలు వేళయ్యేది. కరుణ గుమ్మంలో నిలబడి, "వేళకి తినండి" అనేది. "నువ్వు కూడా" అనేవాడు అతను. ఏడాదిగా వాళ్ళ కాపురంలో ముఖ్యమైన సంభాషణ అంతా అదే.

కరుణ మనసులో అడగాల్సిన మాట ఒకటి ఉంది. నన్ను కూడా తీసుకుపోండి అన్న మాట. ప్రతిసారీ ఈసారి అడగాలనుకునేది. ఆయన అడగకుండా తనెట్లా అడగడం అని ఆగేది. రైలు పోయాక రాత్రి దిండు మీద తల పెట్టి ఆ మాటని నాలుగు రకాలుగా అనుకుని, నాలుగూ బాగానే ఉన్నాయని గమనించి నిద్రపోయేది.

పోస్టాఫీసులో టెలిఫోను కటకటాల పక్కన బల్ల మీద ఉంది. దాన్లో మాట్లాడేవాళ్ళు అరవాలి. అరిస్తే మనియార్డర్ల వరసలో ఉన్నవాళ్ళంతా వినాలి. ఆ రోజు వరసలో నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె మైపాడుకి బస్సులు నడిపే ఖాజా మొహిద్దీన్ కూడా ఉన్నాడు.

"హలో! కరుణా! నేనే. వినబడతా ఉందా?"

"వినబడతా ఉందండీ!"

"కంపెనీవాళ్ళు నన్ను కలకత్తా పంపుతున్నారు. ఏడాది ట్రైనింగు. శుక్రవారం పొద్దున్నే బయల్దేరాల. విమానంలో!"

"దేంట్లో?"

"విమానం! విమానం!"

"విమానమా!" అంది కరుణ. పోస్టాఫీసులో ముద్రలు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

"ఊరికొచ్చి పోదామంటే సెలవియ్యలా. అయితే ఒకటి విను. ఆ విమానం ఒడ్డు వెంబడే పోతుందంట. మన మైపాడు మీదుగానే. నువ్వు మైపాడు ఒడ్డున నిలబడు. నేను కిటికీలోంచి చూస్తా. తెలిసిందా?"

కరుణ రిసీవరు రెండో చెవికి మార్చుకుంది. ఏడాది. కలకత్తా. మధ్యలో ఒక్క ఆదివారం కూడా ఉండదు. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేననుకుంది. వెనక్కి తిరిగి చూసింది. పదిమంది ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

"విమానం మైపాడుకి ఎన్నింటికి వస్తుంది?" అని అరిచింది.

గరగరమంది. "ఏడు..." అని వినబడింది. ఏడో, ఏడున్నరో, ఏడుంబావో తెలియలేదు. తర్వాత లైన్లోకి ఎవరో ఆడమనిషి వచ్చి మూడు నిమిషాలు అయిపోయాయని చెప్పింది.

"వేళకి తినండి!" అంది కరుణ. అప్పటికే లైను తెగిపోయింది.

"ఏందమ్మా, విమానం మైపాడుకి వస్తాదా?" అన్నాడు ఖాజా మొహిద్దీన్.

"శుక్రవారం పొద్దున్నే వస్తుందంట సాయిబుగారూ."

"మన ఆనందబాబు కూడా వస్తాడా?"

"దాంట్లోనే ఉంటారు," అని చెప్పి కరుణ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఆమె చెప్పిన రెండు మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. తర్వాత జరిగినదంతా ఆ నిజాల మీదే జరిగింది.

సంజీవరావు సంగతి విని బడికి సెలవు పెట్టినంత పని చేశాడు. లెక్కల మాస్టరుకి ఇంట్లోనే ఇట్లాంటి లెక్క దొరకడం ఎప్పుడో గాని జరగదు. సాయంత్రం పలక తీసుకుని వసారాలో కూర్చున్నాడు.

"మద్రాసు నుంచి కలకత్తాకి విమానం మూడు గంటల్లో పోతుంది. దూరం తెలిస్తే వేగం తెలుస్తుంది. వేగం తెలిస్తే మైపాడుకి ఎప్పుడొస్తుందో తెలుస్తుంది. ఇందులో ఏముంది!"

దూరం దగ్గరే వచ్చింది చిక్కు. కొత్త అట్లాసులో పద్నాలుగు వందలని ఉంది. ఆయన చదువుకున్న పాత భూగోళంలో తొమ్మిది వందల లోపే ఉంది. సంజీవరావు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అయిదు వందల మైళ్ళు ఏమైపోయినట్టు?"

"సముద్రంలో పడిపోయుంటాయి," అంది రెబెక్కమ్మ దుప్పట్లు మడతపెడుతూ.

మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తున్న రోజులవి. కొత్త అట్లాసు కిలోమీటర్లలో ఉందని ఆయనకి భోజనం మధ్యలో తట్టింది. ఎడమచేత్తో పలక అందుకున్నాడు. అప్పటికే మద్రాసు నుంచి మైపాడుకి దూరం మైళ్ళలో వేసి ఉన్నాడు. దాన్ని మార్చాడు. వేగాన్ని మార్చాడు. ఏది మార్చాడో ఏది మార్చలేదో మర్చిపోయి, మార్చినదాన్నే మళ్ళీ మార్చాడు. ఒక లెక్క ప్రకారం బయల్దేరిన పావుగంటకి విమానం మైపాడు మీదికి వస్తుంది. ఇంకో లెక్క ప్రకారం అరగంటకి. మూడో లెక్క ప్రకారం అది మైపాడుకి వచ్చేసరికి మర్నాడు అవుతుంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పకుండా చెరిపేశాడు.

"తెల్లారకముందే పోయి కూచుంటే సరిపోదా? అది వచ్చినప్పుడే చూస్తాం," అంది రెబెక్కమ్మ.

"అది లెక్క కాదు," అన్నాడు సంజీవరావు. కానీ అట్లాగే చేద్దామన్నాడు.

కరుణకి దూరాలతో పని లేదు. ఆమెకి ఒకటే దిగులు. "అంత ఎత్తు నుంచి నేను ఆయనకి కనబడతానా మామయ్యా?"

సంజీవరావు ఆలోచించాడు. మనిషి కనబడడు, చీమంత ఉంటాడు. కానీ తెల్లటి గుడ్డ వెడల్పుగా పరిస్తే కనబడవచ్చు. రెబెక్కమ్మ ఉతికిన దుప్పట్ల వైపు చూసింది. తర్వాత కుట్టుమిషను మీది గుడ్డ తీసి, దుప్పటి అంచుకి దుప్పటి అంచు పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. కరుణ పక్కన కూర్చుని గుడ్డ పట్టుకుంది. "ఏడవబాకే, సూది కనబడదు," అంది రెబెక్కమ్మ. ఏడుస్తున్నది కరుణ. మిషను తొక్కుతున్నది రెబెక్కమ్మ.

గురువారం సాయంత్రం సంజీవరావు తావు చూసి రావడానికి మైపాడు వెళ్ళాడు. ఒడ్డంతా వలలు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్య పడవలు. దుప్పట్లు పరవడానికి చోటు లేదు. పల్లెకి పెద్ద అయిన చిన్నపోలయ్య ఒక పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. గాలి బలంగా ఉంది. అలల హోరులో ఇద్దరూ గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"పోలయ్యా! రేప్పొద్దున విమానం వస్తుంది. ఈ వలలు కొంచెం పక్కకి తీయించాల."

చిన్నపోలయ్య లేచి నిలబడ్డాడు. "విమానమా? ఈడికా? ఎంత తావు కావాల సారూ?"

"ఎంత వెడల్పుంటే అంత మంచిది. పైనుంచి కనబడాల గదా."

"మరి పడవలు?"

"అవి కూడా తీస్తే ఇంకా మంచిది."

చిన్నపోలయ్య ఒడ్డుని ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. "చక్రాలు ఇసకలో దిగబడిపోవా సారూ?"

పొద్దున్నే ఖాజా మొహిద్దీన్ బస్సులో వస్తున్నాం కదా, దాని గురించి అడుగుతున్నాడనుకున్నాడు సంజీవరావు. "ఆయనకి అలవాటేలే. గట్టినేల చూసుకుని ఆపుతాడు."

"గొప్పోడే!" అన్నాడు చిన్నపోలయ్య.

ఆ సాయంత్రమే పల్లెలో మర్నాటి చేపలవేట మానెయ్యాలని అనుకున్నారు. మగవాళ్ళు పడవలన్నీ ఒడ్డు వెనక సవకచెట్ల తోపు దాకా లాగారు. ఆడవాళ్ళు వలలు చుట్టి తీసుకుపోయారు. ఇసక దిబ్బలు గడ్డపారలతో చదును చేశారు. ఒడ్డు ఎప్పుడూ లేనంత శుభ్రంగా అయింది. తిరుగు బస్సుకోసం నడుస్తున్న సంజీవరావు వెనక్కి తిరిగి చూసి, తన మేనకోడలి మీద ఈ పల్లెవాళ్ళకి ఇంత అభిమానం ఉందని తెలియదే అనుకున్నాడు.

ఖాజా మొహిద్దీన్ ఊరుకోలేదు. శుక్రవారం తెల్లారకముందు బస్సు కావాలని సంజీవరావు అడిగేసరికి, ఆయనకి ఉన్న అనుమానం కూడా పోయింది. ఉన్న రెండు బస్సులూ స్పెషల్‌గా వేసి, విమానం చూడ్డానికి రండని కేక వేయించాడు. ఆ కేక డిప్యూటీ తాసీల్దారు విజయభాస్కర్ చెవిన పడింది. ఆయన ఉద్యోగానికి కొత్త. తన ఎలాకాలో తనకి తెలియకుండా విమానం దిగడమా! మంత్రి లేకుండా విమానం దిగదు. మంత్రి వస్తుంటే తనకి కబురు లేదంటే, కబురు వచ్చి ఎక్కడో ఆగిపోయిందన్నమాట. పైవాళ్ళని అడిగితే, నీకింకా తెలియదా అంటారు. అందువల్ల ఆయన ఎవరినీ అడగలేదు. చామంతి దండలు, బ్యాండు మేళం, నలుగురు కానిస్టేబుళ్ళు, మోకు తాడు పురమాయించాడు.

శుక్రవారం తెల్లవారేసరికి మైపాడు ఒడ్డున జనం ఇసక కనబడకుండా ఉన్నారు. కరుణ పెళ్ళినాటి చీర కట్టుకుంది. చంకలో దుప్పట్ల చుట్ట. సంజీవరావు చేతిలో గడియారం. రెబెక్కమ్మ చేతిలో ఇడ్లీల క్యారియరు. ముగ్గురూ బస్సు దిగి ఆ జనాన్ని చూసి నిలబడిపోయారు.

"వీళ్ళంతా ఎవరు మామయ్యా? ఎందుకొచ్చినారు?"

"ఏదో తిరునాళ్ళేమో," అన్నాడు సంజీవరావు. దేని తిరునాళ్ళో ఆయనకి అర్థం కాలేదు.

తోసుకుంటూ ముందుకు పోతే తాడు అడ్డం వచ్చింది. తాడు అవతల సముద్రం దాకా నున్నటి ఇసక, ఒక్క పురుగు కూడా లేకుండా. దాని మధ్యలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి ఉంది. గుండ్రం పక్కన విజయభాస్కర్ దండలు పట్టుకున్న బంట్రోతుతో నిలబడి ఉన్నాడు. కరుణ తాడు కింద నుంచి దూరబోయింది. కానిస్టేబులు ఆపాడు.

"లోపలికి పోగూడదమ్మా."

"నేను ఒడ్డుకి పోవాలండీ. ఈ దుప్పటి పరవాల."

విజయభాస్కర్ దగ్గరికి వచ్చాడు. "ఏమిటది?"

"దుప్పట్లండీ. విమానం కోసం."

"విమానానికి దుప్పట్లెందుకు?"

"పైనుంచి కనబడ్డానికండీ. ఆయన చూస్తానన్నారు."

"ఎవరు?"

"ఆయన," అంది కరుణ. మొగుడి పేరు చెప్పే అలవాటు ఆమెకి లేదు.

విజయభాస్కర్‌కి ఆ గౌరవం నచ్చింది. కానీ నిబంధన నిబంధనే. "చూడమ్మా, మంత్రిగారు దిగే చోట దుప్పట్లు పరిస్తే చక్రాలకి చుట్టుకుంటాయి. అందరితో పాటు వెనక నిలబడండి."

"మంత్రిగారా?" అన్నాడు సంజీవరావు.

"మంత్రిగారే. మీకు తెలియదా?"

సంజీవరావు తెల్లబోయాడు. ఈ అధికారి చెప్తున్నాడు, దండలున్నాయి, మేళం ఉంది, ఇంతమంది జనం ఉన్నారు. తను చూస్తే పలక మీద మూడు జవాబులు వేసినవాడు. "అయితే రెండు విమానాలు ఉండాల. ఒకటి దిగేది, ఒకటి పోయేది. ముందు ఏదొస్తుందో..." అని జేబులో సుద్దముక్క వెతుక్కున్నాడు.

"మీరు లెక్క ఆపండి," అంది రెబెక్కమ్మ.

కరుణ తాడు పట్టుకుని నిలబడింది. ఒడ్డు నిండా చోటుంది, తనకి లేదు. ఈ జనంలో కలిసిపోయి నిలబడితే ఆయనకి తను ఎట్లా కనబడుతుంది? కిటికీ దగ్గర ముఖం పెట్టుకుని కిందికి చూస్తుంటాడు. నల్లటి జనం కనబడుతుంది. వీళ్ళలో కరుణ ఎక్కడుందో అనుకుంటాడు. రాలేదేమో అనుకుంటాడు. ఆ అనుమానంతోనే ఏడాది గడుపుతాడు. అంత దూరాన ఉన్న మనిషికి "వచ్చినాను" అని చెప్పే దారి ఇంకేముంది?

ఎండ ఎక్కింది. బ్యాండువాళ్ళు రెండుసార్లు అనవసరంగా వాయించి ఆగారు. మూడోసారి కొంగల గుంపుని విమానమనుకుని జనం లేచి నిలబడ్డారు. అప్పుడు దక్షిణం నుంచి సన్నగా హోరు వినబడింది.

"వస్తా ఉంది! వస్తా ఉంది!"

విమానం నిజంగానే వచ్చింది. కానీ ఒడ్డు మీదుగా కాదు. సముద్రం మీద, చాలా దూరాన, చాలా ఎత్తున, ఎండకి తళుక్కుమంటూ, బుట్టలోంచి జారిన చిన్న చేపలా ఉంది. బ్యాండు అందుకుంది. విజయభాస్కర్ దండ సర్దుకుని గుండ్రం అంచున నిలబడ్డాడు. జనం అది కిందికి వంగుతుందని చూస్తున్నారు. అది వంగలేదు. ఉత్తరం వైపు అట్లాగే పోతోంది.

తాడు కింద నుంచి కరుణ ఎప్పుడు దూరిందో కానిస్టేబులుకి తెలియలేదు. దుప్పట్ల చుట్ట విప్పుకుంటూ పరుగెత్తింది. గాలికి గుడ్డ తెరచాపలా లేచి ఆమెనే వెనక్కి లాగింది. చిన్నపోలయ్యకి ఏం జరుగుతోందో తెలియదు గాని, తెరచాప గాలికి పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. కేకేసి పరుగెత్తాడు. మరో ముగ్గురు అతని వెంట వచ్చి తలొక మూల పట్టుకున్నారు. గుడ్డ పరుచుకుంది. కరుణ మోకాళ్ళలోతు నీళ్ళలోకి పోయి రెండు చేతులూ ఎత్తింది.

"ఏమండీ! ఇక్కడ! ఇక్కడున్నానండీ!"

బ్యాండువాళ్ళు ఆగిపోయారు. ఇంతమంది ఉన్న ఒడ్డు మీద ఒక్కసారిగా సముద్రం చప్పుడూ, ఆమె గొంతూ తప్ప ఏమీ లేవు.

"వేళకి తినండి! వినబడతా ఉందా! నన్ను కూడా తీసుకుపోండి! ప్రతిసారీ అడుగుదామనుకుంటా, మీరడగలేదని నేను అడగలా! గది చిన్నదైతే ఏమండీ, నేనెంత తావు పడతా! వసారాలో అయినా పడుంటా! ఏడాది నేను ఉండలేనండీ! నాకు ఆదివారాలు చాలవండీ!"

తళుకు సన్నబడింది. కాసేపు అది ఉన్నట్టూ లేనట్టూ ఉంది. తర్వాత లేదు. ఎవరు మొదలుపెట్టారో గాని, జనమంతా అప్పటికే చేతులూపుతున్నారు. దేనికి ఊపుతున్నారో చాలామందికి తెలియదు. వెనక వరసల్లో ఆడవాళ్ళు మాత్రం తెలిసే ఊపారు. కరుణ చేతులు దించి, ఖాళీగా ఉన్న ఆకాశాన్నే చూస్తూ నిలబడింది. అల వచ్చి పెళ్ళినాటి చీరని నడుం దాకా తడిపింది.

"కరుణా," అన్నారు వెనక నుంచి.

తిరిగి చూసింది. ఆనందబాబు. చేతిలో సంచి, చొక్కా నిండా రైలు మసి, కాళ్ళకి చెప్పులతోనే నీళ్ళలో. ఆమె ముందు అతన్ని చూసింది. తర్వాత ఆకాశం చూసింది. మళ్ళీ అతన్ని చూసింది.

"మీరు... దాంట్లో లేరా?"

"లేను."

"మరి దాంట్లో ఎవరున్నారు?"

"మా మేనేజరుగారు. నిన్న సాయంత్రం ఆయనకి అర్జంటు పని పడి నా సీట్లో ఆయన ఎక్కినారు. నన్ను ఆదివారం రైల్లో పొమ్మన్నారు. నువ్వు ఇక్కడ నిలబడి ఉంటావని, తంతి కొట్టడం కంటే నేనే ముందొస్తానని రాత్రి రైలెక్కినా. బస్సులో వీళ్ళెవరో మంత్రి దిగుతున్నాడని చెప్పినారు. జనంలోంచి నీ దగ్గరికి రావడానికే ఇంతసేపు పట్టింది."

కరుణ రెండు చేతులతో ముఖం మూసుకుంది. "అయితే నేను అరిచిందంతా..."

"నేను విన్నా."

"అంతా విన్నారా?"

"నేనూ, ఈ జనమూ," అన్నాడు ఆనందబాబు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను ఎందుకడగలేదో చెప్పేదా? నేనడిగితే నువ్వు కాదనలేవు. మామయ్యగారినీ అత్తయ్యగారినీ వదల్లేక ఏడుస్తూనే వస్తావు. అట్టా వద్దనుకున్నా. నువ్వే అడుగుతావేమోనని చూస్తున్నా. ప్రతిసారీ గుమ్మంలో నిలబడి, వేళకి తినండి అంటావు. సరే, ఈమెకి నా తిండి తప్ప దిగులు లేదనుకున్నా."

"అదే నేను అడగడం," అంది కరుణ.

అంతలో ఒడ్డు మీద తగువు మొదలైంది. చిన్నపోలయ్య సంజీవరావు దగ్గరికి వచ్చాడు. "ఏంది సారూ, దిగకుండా పోయినాదే?"

"దిగుతుందని ఎవరన్నారు?"

"నువ్వే గదా! గట్టినేల చూసి ఆపుతాడంటివే!"

"అది సాయిబుగారి బస్సయ్యా!"

"నా బస్సు మాటెందుకు, విమానం వస్తాదని ఈ అమ్మాయే చెప్పింది," అన్నాడు ఖాజా మొహిద్దీన్.

"మంత్రి వస్తాడని ఎవరు చెప్పారు?" అన్నాడు విజయభాస్కర్. అందరూ ఆయన చేతిలో దండ వైపు చూశారు. ఆయన ముఖం వాడిపోయింది. జనం గుసగుసలాడుతున్నారు. ఎవరో నవ్వారు. ఈ కబురు సాయంత్రానికి ఆఫీసుకీ, రేపటికి పైవాళ్ళకీ చేరుతుంది. ఆయన ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. పెద్ద గొంతుతో, "బాధ్యులెవరో తేలాలి! కేసు పెడతాను!" అన్నాడు.

సంజీవరావు ముందుకొచ్చాడు. "నా పేరు రాసుకోండి. వలలు తీయించింది నేను. ఆ పిల్ల జోలికి మాత్రం పోబాకండి."

రెబెక్కమ్మ ఆయన్ని పక్కకి నెట్టింది. "బాబూ, నీకు ఎవరికో ఒకరికి దండ వెయ్యాల, అంతే గదా? అదిగో మా అల్లుడు. దేశానికి కొత్త మిషన్లు నేర్చుకోడానికి కలకత్తా పోతున్నాడు. మన జిల్లా పిల్లోడు. సాగనంపడానికి వచ్చినానని చెప్పు. కాదన్నది ఎవరు?"

విజయభాస్కర్ ఆమె వైపు చూశాడు. దండ వైపు చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని జనం వైపు తిరిగాడు. మూడో పంచవర్ష ప్రణాళిక గురించీ, సేద్యపు నీటి గురించీ, పంపుసెట్ల గురించీ, ఈ తీరం నుంచి దూర నగరాలకి వెళ్తున్న యువకుల గురించీ బాగా మాట్లాడాడు. మాట్లాడుతున్న కొద్దీ ఆయనకే నమ్మకం కుదిరింది. మోకాళ్ళ దాకా తడిసి, మసికొట్టుకుని ఉన్న ఆనందబాబు మెడలో దండ వేశాడు. రెండో దండ ఎవరికెయ్యాలో తోచక కరుణ మెడలో వేశాడు. బ్యాండు వాయించింది. జనం చప్పట్లు కొట్టారు.

చిన్నపోలయ్యకి మాత్రం రెబెక్కమ్మ స్వయంగా వెళ్ళి చెప్పింది. "మీకు ఈ పొద్దు వేట పోయింది. మావల్లే పోయింది. మన్నించు నాయనా."

చిన్నపోలయ్య దుప్పటి మూల ఇంకా వదల్లేదు. "వేటకేముందమ్మా, రేపు పోతాం. మా ఆడోళ్ళకి మేం సముద్రం మీదికి పోయినాక ఎట్టా ఉంటాదో నాకు ఇన్నాళ్ళూ తెలవదు. ఈ పొద్దు చూసినా," అన్నాడు. పల్లెవాళ్ళు వాళ్ళని పస్తులతో పంపలేదు. క్యారియరులో ఇడ్లీలు చిన్నపోలయ్య పిల్లలు తిన్నారు. చిన్నపోలయ్య ఇంట్లో చేపల పులుసు వీళ్ళు తిన్నారు.

ఆదివారం కలకత్తా రైలుకి నెల్లూరు స్టేషన్లో ఇద్దరు ఎక్కారు. మూడో తరగతిలో కిటికీ పక్క చోటు కరుణకి ఇచ్చాడు ఆనందబాబు. కలకత్తాలో ఇల్లెక్కడో ఇద్దరికీ తెలియదు. గది చిన్నదే దొరుకుతుందని అతను ముందే చెప్పాడు. ఫరవాలేదంది ఆమె. సంజీవరావు ప్లాట్‌ఫారం మీద నడుస్తూ, రైలు ఏ స్టేషనుకి ఎన్నింటికి చేరుతుందో చెప్తున్నాడు. ఒకే స్టేషను రెండుసార్లు చెప్పాడు. రెబెక్కమ్మ కిటికీ ఊచల మధ్య నుంచి కరుణ చెయ్యి పట్టుకుని, రైలు కదిలేదాకా వదల్లేదు. "అల్లుడికి వేళకి పెట్టు. నువ్వు కూడా తిను. తినకపోతే రైలెక్కి వస్తా," అంది. రైలు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చేతులూపారు. ఈసారి ఎవరికి ఊపుతున్నారో వాళ్ళకి కనబడుతూనే ఉంది.

కలకత్తాలో ట్రైనింగులో చేరిన రోజు ఆనందబాబు, ఇంకా అక్కడే ఉన్న మేనేజరుగారిని కలిశాడు. కాసేపు తటపటాయించి, "విమానం నెల్లూరు దగ్గరికొచ్చినప్పుడు కింద ఏమైనా కనబడిందా సార్?" అని అడిగాడు.

మేనేజరుగారు గుర్తు తెచ్చుకోడానికి నిజాయితీగా ప్రయత్నించి, మద్రాసులో బెల్టు కట్టుకున్నదీ కలకత్తాలో ఎవరో తట్టి లేపిందీ తప్ప తనకేమీ గుర్తులేదన్నారు.